మామ అయిపోయిందన్న వాచీ

మొన్న ఆదివారం మా ఇంట్లో కుక్కర్ మూత పిడి ఊడొచ్చింది. స్క్రూ పోలేదు, ఉంది. కానీ అది కూర్చోవాల్సిన బొక్క పిడి లోపల ఎక్కడో అడుగున ఉంటుంది. వేలు పట్టదు. స్క్రూను స్క్రూడ్రైవర్ మొన మీద నిలబెట్టి దించబోతే సగం దారిలో పక్కకు ఒరిగి పడిపోతుంది. పడినప్పుడల్లా ఆ కుక్కర్ చేసినవాడి వంశాన్నంతా తిట్టుకుంటూ స్టవ్ కింద తడుముకుంటున్నాను. మా అమ్మాయి చూసి చూసి విసుగొచ్చి, "దానికి మ్యాగ్నెట్ ఎక్కించుకోమ్మా, ఎందుకంత తిప్పలు?" అంది. ఫోన్లో ఎవరో చేస్తుంటే చూసిందట. అటక మీద పడేసిన పాత టీవీ స్పీకర్ వెనక నుంచి గుండ్రటి అయస్కాంతం పీకి తెచ్చింది. పిడి దగ్గర మొదలుపెట్టి మొన దాకా ఒకే వైపుకు రుద్దాలట. వెనక్కి రుద్దితే ఎక్కింది దిగిపోతుందట. మొన దాటగానే చెయ్యెత్తి మళ్లీ మొదటి నుంచి రావాలట.

"నాకు తెలుసులే" అన్నాను.

రుద్దాను. మొనను స్క్రూ దగ్గరికి తీసుకుపోయాను. ఇంకా తగలక ముందే అది టక్కున ఎగిరి అంటుకుంది. మా అమ్మాయి సంబరంగా నవ్వింది. నాకు మాత్రం నవ్వు రాలేదు. ఆ పిల్లకు తెలియదు, నేను ఈ పని ఫోన్లో కాదు, కళ్లెదురుగా చూశానని. చూడకుండా ఉంటే బాగుండేదని చాలాసార్లు అనుకున్నాను.

ఆళ్లగడ్డలో వాచీలు బాగుచేసే మామ ఈ ఎండాకాలంలో పోయాడు. నాకు చుట్టమేమీ కాదు. మా నాయన ఆయన్ను బావా అనేవాడు కాబట్టి నాకు మామ. పేరు రాయను. రాస్తే ఆళ్లగడ్డలో సగం మందికి తెలిసిపోతుంది, వాళ్ల మణికట్ల మీద ఆయన చెయ్యి పడని వాచీ లేదు. వాళ్లకు ఇందులో కొన్ని సంగతులు తెలియకపోవడమే మంచిది.

నేను బస్సు కండక్టర్ని. నంద్యాల నుంచి ఆళ్లగడ్డ మీదుగా చాగలమర్రి దాకా పోయి రావడం నా పని. ఆళ్లగడ్డలో టీ తాగేంతసేపు బస్సు ఆగుతుంది. బస్టాండు పక్కనే మామ బంకు. మనిషి కూర్చుంటే మోకాళ్లు గల్లాకు తగిలేంత చిన్నది. కంటికి భూతద్దం బిగించుకుని, వంగి, ఎవరొచ్చినా తల ఎత్తకుండా కూర్చునేవాడు. ముందు మన మణికట్టు చూసేవాడు, మొహం సంగతి ఆ తర్వాత. చాలామంది మొహాల దాకా వచ్చేవాడే కాదు. ఒకసారి సంతలో ఎదురుపడి "బాగుండావా మామా?" అంటే ఎవరో దారిన పోయేదాన్ని చూసినట్టు చూశాడు. నేను చెయ్యెత్తి వాచీ చూపించాక "ఓ, నువ్వా మే" అన్నాడు. ఒళ్లు మండిపోయింది నాకు.

ఆయన చేతికి మాత్రం వాచీ ఉండేది కాదు. బంకు నిండా గడియారాలు, ఒకదానికొకటి పొంతన లేని టైములు. ఎవరైనా తెలియక "టైమెంతప్పా?" అని అడిగితే, "పక్కన చాయంగట్లో అడుగుపో. ఈడ అందరూ రోగిష్టోళ్లే ఉండేది" అనేవాడు.

ఆళ్లగడ్డలో రాతి శిల్పాలు చెక్కేవాళ్లు ఎక్కువ కదా, వాళ్ల వాచీలు మూత తీస్తే లోపల తెల్లటి పొడి ఉండేది. బ్రష్షుతో ఆ పొడి దులుపుతూ, "ఇది ఏ సామి ముక్కుదో చూడు" అని తనలో తనే నవ్వుకునేవాడు. మామ నవ్వడం అంటే అంతే, పెదవి ఒక పక్కకు కదిలేది. వాచీ తెచ్చినవాళ్లు దిగులుగా "అయిపోయిందా అన్నా?" అంటే మాత్రం చిర్రెత్తుకొచ్చేది.

"మనిషికనే మాట వాచీకి అనగాకు. వాచీ చావదప్పా. నూనె ఎండిపోతాది, అంతే."

ఆయన నోటి నుంచి ఏ వాచీ గురించీ అయిపోయిందనే మాట నేను వినలేదు. ఆఖరికి నా వాచీకే విన్నాను.

మామకు లోకంలో ఒక్కటే భయం, మ్యాగ్నెట్. బంకు బయట మేకుకు ఒక రేకు డబ్బా వేలాడుతుండేది. గల్లా మీద చెయ్యి పెట్టాలంటే ముందు ఫోన్ ఆ డబ్బాలో వెయ్యాలి. వెయ్యకపోతే మాట్లాడడు. ఎస్సై గారైనా అంతే, పూజారి గారైనా అంతే. పొద్దున్నే బంకు తెరవగానే దేవుడికి దండం పెట్టుకునే ముందు ఒక కాగితం మీద చిటికెడు ఇనుప రజను పోసి, చిమ్టాలు, స్క్రూడ్రైవర్లు ఒక్కోటీ మొన ఆనించి చూసేవాడు. ఒక్క రేణువు పైకి లేచిందా, ఆ పనిముట్టును పామును పట్టుకున్నట్టు పట్టుకుని పక్కన పెట్టేవాడు. దానికొక నల్ల కరెంటు పెట్టె ఉండేది. మధ్యలో బొక్క, పైన బటన్. ఒక చేత్తో బటన్ నొక్కి పట్టుకుని, ఇంకో చేత్తో పనిముట్టును బొక్కలో పెట్టి, మెల్లగా, చాలా మెల్లగా చెయ్యి చాచినంత దూరం వెనక్కి లాగాలి. అంత దూరం వచ్చాకే బటన్ వదలాలి. అప్పుడు ఎక్కిన మ్యాగ్నెట్ దిగిపోతుంది. దాన్ని దించే పెట్టె అనేవాడు. లాగుతుండగా కరెంటు పోతే దిగడం అటుంచి ఇంకా ఎక్కుతుందట. అందుకని కరెంటు పోయినప్పుడల్లా ఆయన తిట్టే తిట్లు బస్టాండులో మాకు వినబడేవి.

"ఎందుకు మామా ఇంత రాద్ధాంతం?" అని ఒకసారి అడిగాను.

"వాచీ కడుపులో వెంట్రుకంత స్ప్రింగు సుట్టలు సుట్టుకోని ఉంటాది మే. మ్యాగ్నెట్ ఎక్కితే సుట్టలు ఒకదానికొకటి అతుక్కుంటాయి. అప్పుడు వాచీ ఆగదు, పరిగెత్తుతాది. ఆగిపోయినది నయం. ఆగినా అని నీకు చెప్తాది. పరిగెత్తేది అట్ల గాదు. ముల్లు తిరుగుతానే ఉంటాది, నీకు అబద్దం చెప్తానే ఉంటాది."

ఇంట్లో కూడా ఇదే గోల. అత్త ముచ్చటపడి ఫ్రిజ్ తలుపుకు చిలక, తామరపువ్వు బొమ్మలు అతికించుకుంటే, వెనక అయస్కాంతం ఉందని పీకి వీధిలోకి విసిరేశాడు. చుట్టాలు ఇచ్చిన ఇండక్షన్ పొయ్యిని, అందులోనూ మ్యాగ్నెట్టే అని, అట్టపెట్టె విప్పకుండానే తిరిగి పంపించాడు. అత్త చేతిసంచికి మ్యాగ్నెట్‌తో టప్పున మూసుకునే గుండీ ఉంటే దాన్ని కత్తిరించి పిన్నీసు పెట్టాడు. "ఈ మనిషి నన్నెందుకు చేసుకున్యాడో, ఆ స్ప్రింగునే చేసుకోని ఉంటే సరిపోయేది" అని అత్త నాతో అనేది. అనేటప్పుడు మొహంలో కోపం ఉండేది కాదు.

అప్పట్లో నా చేతికి ఉండేది మా నాయన వాచీ. ఆయన కూడా ఇదే రోడ్డు మీద డ్రైవర్‌గా చేశాడు. పోయాక వాచీ నాకొచ్చింది. మగవాళ్ల వాచీ, నా చేతికి పెద్దది. బెల్టుకు అదనంగా బొక్కలు పొడిపించి కట్టుకున్నాను. మొదటిసారి ఆ చేత్తో బంకు ముందు నిలబడితే మామ భూతద్దం తీసేశాడు.

"ఇది నీది గాదే."

"మా నాయనది."

"తెల్సు. మూత తీస్తే డీజిలు వాసన కొడతాది ఇది." నా చెయ్యి పట్టుకుని కిటికీలోంచి లోపలికి లాక్కుని, వాచీని చెవికి ఆనించుకుని కళ్లు మూసుకున్నాడు. అట్లాగే ఉండిపోయాడు. నేను సగం బయట, సగం లోపల వంగి నిలబడ్డాను. బస్టాండులో జనమంతా నోళ్లు వెళ్లబెట్టి చూస్తున్నారు. మా డ్రైవర్ హారన్ కొడుతున్నాడు. చాలాసేపటికి వదిలి, "బాగుండాడు మీ నాయన. పో" అన్నాడు.

అప్పటి నుంచి అది అలవాటైపోయింది. ఆళ్లగడ్డలో బస్సు ఆగినప్పుడల్లా నేను పోయి కిటికీలో చెయ్యి పెట్టాలి, ఆయన చెవికి ఆనించుకుని వినాలి, "బాగుండాడు" అనాలి. జనం నవ్వుకునేవాళ్లు, నవ్వుకోనీ. నాయన పోయాక ఆయన బాగున్నాడని నాకు చెప్పే మనిషి ఆయనొక్కడే.

ఆ చెయ్యి పట్టుకోవడంలోనే మొదట నాకు తెలిసి ఉండాల్సింది. ఒకరోజు నా మణికట్టు పట్టుకున్నప్పుడు చెయ్యి సన్నగా అదిరింది. నా చెయ్యే అనుకున్నాను. ఆ రోడ్డులో వచ్చిన బస్సు దిగితే అదురు ఒంట్లోంచి పోవడానికి కొంచెం సేపు పడుతుంది. మామ మాత్రం గభాలున వదిలేశాడు. "బాగుండాడు" అనలేదు.

కొన్నాళ్లకు బంకు మూసేశాడు. "వాననీళ్లు దిగతాండాయి, ఇంట్లోనే చేస్తా" అన్నాడు. ఆ ఏడు వానలే సరిగ్గా లేవు. ఇల్లు బస్టాండుకు దగ్గరే, నేను అక్కడికే పోయి పలకరించేదాన్ని. వెనక గదిలో తలుపు దగ్గరగా వేసుకుని కూర్చునేవాడు. అన్నం కూడా అందులోనే. అత్త టీ పెట్టి, గ్లాసులో సగానికే పోసి, తలుపు బయట గట్టు మీద పెట్టి "టీ" అని చెప్పి వచ్చేసేది. నాకు మాత్రం అంచుదాకా పోసి ఇచ్చేది. వయసైంది కదా, టీ తగ్గించినట్టున్నాడు అనుకున్నాను.

నాయన వాచీ ఆగిపోయింది ఆ రోజుల్లోనే. శిరివెళ్ల దాటాక ఎవరో టైము అడిగితే చూసుకున్నాను, ముల్లు కదలడం లేదు. ఆళ్లగడ్డలో దిగి నేరుగా మామ ఇంటికి పోయాను. వసారాలో అహోబిలం నుంచి వచ్చిన స్వామి ఒకాయన కూర్చుని ఉన్నాడు. గుళ్లో కైంకర్యం చేసే మనిషి. పెద్దాయన, మెత్తటి మాట.

"పోయిన నెల మీరే బాగుచేసి ఇచ్చారు కదయ్యా. ఇప్పుడు చాలా ముందుకు పోతోంది. నేను తొందరపడి పోయి గుడి ముందు చీకట్లో కూర్చోవాల్సి వస్తోంది" అంటున్నాడు.

మామ గడపలో నిలబడి ఉన్నాడు, భుజం మీది తుండు రెండు చేతుల చుట్టూ చుట్టుకుని. "ఫోను పక్కన పెట్టుకోని పండుకుంటాండావు సామీ. చెప్పినా గదా, ఫోన్లో మ్యాగ్నెట్ ఉంటాదని. మీరు ఇనరు."

"నాకు ఫోనే లేదయ్యా" అన్నాడు స్వామి.

టీ గ్లాసులతో వచ్చిన అత్త ఆగిపోయింది. మామ మొహం అట్లా కావడం నేనెప్పుడూ చూడలేదు. అబద్ధం దొరికిపోయిన పిల్లవాడి మొహం అది. ఒక్క క్షణమే. మళ్లీ గొంతు పెంచి, "ఐతే గుళ్లో మైకు పెట్టె కాడ కూర్చున్యావు. అదీ అంతే" అన్నాడు. స్వామి వాదించలేదు. "కూర్చునే ఉంటాను" అని వాచీ మళ్లీ ఇచ్చి, టీ తాగి, నమస్కారం పెట్టి పోయాడు. ఆ వాచీ రెండోసారి కూడా అట్లాగే పరిగెత్తిందని తర్వాత విన్నాను. ఆయన మళ్లీ రాలేదు.

నా వాచీ ఇచ్చాను. చెవికి ఆనించుకోలేదు. "రేపు రా" అన్నాడు. రేపు పోతే ఎల్లుండి రమ్మన్నాడు. ఎల్లుండి పోతే ఇంకా చూడలేదన్నాడు. నా నోరు తెలిసిందే కదా, బస్సులో చిల్లరివ్వని వాళ్లనే వదలను. "ఏంది మామా, నాయన వాచీ అంటే అంత అలుసైపోయిందా? ఊరందరివీ చేస్తాండావు, నాది చేసేకి తీరికలేదా?" అని వసారాలో నిలబడి అరిచాను. ఆయన లోపలికి పోయి తలుపు దగ్గరగా వేసుకున్నాడు. మామ తిరిగి తిట్టకపోవడమే నాకు వింతగా అనిపించింది.

ఒక మధ్యాహ్నం ఆళ్లగడ్డలో మా బస్సు టైరు దిగిపోయింది. మార్చేదాకా పని లేదు కదా అని మామ ఇంటికి పోయాను. అత్త పెరట్లో మినుములు చెరుగుతోంది. "లోపలుండాడు పో. తలుపు కొట్టి పో, లేకుంటే అరుస్తాడు" అంది. తలుపు కొట్టే అలవాటు నాకెక్కడిది? బస్సులో పెరిగినదాన్ని. తోసుకుని పోయాను.

మామ నేల మీద కూర్చుని ఉన్నాడు. రెండు మోకాళ్ల మధ్య ఒక పెద్ద స్పీకర్ అయస్కాంతం ఇరికించుకుని, తన పనిముట్లన్నింట్లోకి చిన్న స్క్రూడ్రైవర్‌ను దాని మీద రుద్దుతున్నాడు. పిడి నుంచి మొన దాకా, ఒకే వైపుకు. చెయ్యెత్తి మళ్లీ మొదటి నుంచి. ఎవరైనా దాని పేరెత్తితేనే లేచి మీద పడే మనిషి, దాన్ని ఒళ్లో పెట్టుకుని కూర్చున్నాడు.

నన్ను చూశాడు. దాచడానికి టైము లేదని తెలిసిపోయింది.

"తలుపు మూసి రా" అన్నాడు.

మూశాను. "ఏంది మామా ఇది?"

కుడిచెయ్యి కిటికీ వెలుతురుకు అడ్డంగా పెట్టి చూపించాడు. వేళ్లు ఆగకుండా వణుకుతున్నాయి. ఆపాలని పళ్లు బిగబట్టాడు, ఆగలేదు. "స్క్రూ నిలబడదు మే. నువ్వుగింజలో సగం ఉంటాది. మొన మీద పెడితే ఎగిరి పోతాది. పడితే యాడని ఎతకాల? పొద్దన్నంతా నేల మీద పాకతాండా. దీనికి మ్యాగ్నెట్ ఎక్కిచ్చుకుంటే పట్టుకోనుంటాది. వణికినా పడదు."

"డాక్టరుకు చూపిచ్చుకున్యావా?"

"నంద్యాలకు పొయ్యొచ్చినా. నీ బస్సు పోయినాక, ఎనక బస్సులో. ఇది నయమయ్యేది గాదంట. మాత్రలేసుకుంటే ఎక్కువయ్యేది నిదానమైతాదంట, అంతే."

నా బస్సు పోయేదాకా ఎక్కడో చెట్టు చాటున నిలబడి ఉంటాడు. 

"మల్ల పనైనాక దించేస్తే సరిపాయె గదా? పెట్టె ఉండాది గదా?" అన్నాను.

"పెట్టె ఉండాది. చెయ్యి యాడుండాది?" అన్నాడు. "ఒక చేత్తో బటను వొత్తుకోని, ఇంగో చేత్తో నిదానంగా లాగాల. నడిమద్దెలో వేలు జారితే ఇంగా ఎక్కుతాది. నాకు జారతాంది. ఒకసారి దిగుతాది, ఒకసారి ఎక్కుతాది. ఇంట్లో నుంచి పోయే వాచీ నిజం చెప్తాదో అబద్దం చెప్తాదో నాకే తెలీదు."

"నేనొత్తుతా మామా బటను. లేకుంటే అత్తనొత్తమను."

"మీ అత్తకు తెలీగూడదు." ఆ ఒక్క మాటలో పాత మామ గొంతు వినబడింది. తర్వాత తగ్గింది. "పెండ్లిచూపుల్లో ఆయమ్మ నా మొహం చూడలేదంట. తల వంచుకోని ఉండాది గదా, చేతులు కనపడినాయంట. ఆ చేతులు చూసి ఒప్పుకున్యా అని ఇప్పటికీ అందరికీ చెప్తాది. ఇవే పోతే ఆయమ్మ ముందర ఏం పెట్టుకోని కూర్చోవాల నేను?"

నేల మీద పడి ఉన్న చిమ్టా తీసి ఆయనకు అందించాను. 

"పాపా, ఒకటి మాత్రం అర్థం గాదు నాకు" అన్నాడు, పనిముట్లు సర్దుతూ. "ఇన్ని స్క్రూలు పారేసుకుంటాండా గదా, ఆ మూతలో మాత్రం తక్కువ గావు. నేనే సరిగా చూడలేకపోతాండానేమో." గట్టు మీద ఒక సీసా మూతలో స్క్రూలు మెరుస్తున్నాయి.

"నా వాచీ?"

"నీది ఇంగా విప్పలే. విప్పబుద్ధి గాలే."

అత్తకు చెప్పనని మాటిచ్చి వచ్చేశాను. పెరట్లో అత్త చాట ఆపి నా మొహం చూసింది. ఏమీ అడగలేదు.

తర్వాతి వారం పిలిపించాడు. వసారాలో మంచం మీద కూర్చుని ఉన్నాడు, చేతులు తుండు కింద. అత్త గోడకానుకుని కూరగాయలు తరుగుతోంది. పక్కన కాగితం పొట్లం. దాన్ని కళ్లతో చూపించాడు.

"తీసుకపో పాపా. అది ఐపాయె. ఇంగ నడవదు."

నాకు రక్తం ఉడికిపోయింది. వాచీ చావదన్న నోరు అది. నాయన మొహం మీద గుడ్డ కప్పినట్టు అనిపించింది ఆ మాట. నోటిదాకా వచ్చింది, నీ చేతులు ఐపాయె మామా, మా నాయన వాచీ కాదు అని. చేతుల మీది తుండు సన్నగా కదులుతోంది. అత్త కత్తిపీట మీద చెయ్యి ఆగింది, తల మాత్రం పైకి లేవలేదు. నేను ఒక్క మాట అంటే చాలు, ఆ ఇంట్లో ఆయనకు మిగిలిందేమీ ఉండదు.

"సరేలే మామా. ఎప్పటిదో అది. ఎన్ని దినాలుంటాది?" అన్నాను.

ఆయన ఊపిరి వదిలాడు. అట్లా ఊపిరి వదలడం చూసి నాకు ఏడుపొచ్చింది. పొట్లం తీసుకుని బస్సు టైమైందని బయటపడ్డాను. టైము కాలేదు.

ఆ తర్వాత ఒక్కొక్కరికీ అదే మాట చెప్పాడు. గదిలో ఉన్న వాచీలన్నీ బయటికొచ్చాయి, పొట్లాల్లో. శిల్పాలు చెక్కేవాళ్లవి, కిరాణా కొట్టువాళ్లవి, పల్లెల నుంచి వచ్చినవి. "ఐపాయెప్పా. ఇంగ నడవదు." తన చెయ్యి పోయిందని చెప్పలేక ఆళ్లగడ్డలో వాచీలన్నింటినీ చంపేశాడు. అబద్ధం చెప్పే వాచీని మాత్రం ఇంక ఒక్కదాన్ని కూడా గడప దాటనివ్వలేదు. ఆ అబద్ధమేదో తనే చెప్పాడు.

ఇక వసారాలోనే ఉండేవాడు. నేను పోతే నా చేతి వైపు చూసేవాడు కాదు. వాచీ లేని మణికట్టు మీద బెల్టు చార తెల్లగా ఉండేది, అటు చూపు పోకుండా జాగ్రత్తపడేవాడు. ఎక్కడ చూడాలో తెలియక మొహం చూసేవాడు. ఇన్నేళ్ల తర్వాత మామ నా మొహం చూడ్డం నేర్చుకున్నాడు. "నీకు గడ్డం కాడ మీ నాయన మాదిరి సొట్ట ఉండాది" అన్నాడు ఒకసారి, అప్పుడే కనిపెట్టినట్టు.

ఎండలు ముదిరిన రోజుల్లో పోయాడు. డ్యూటీలో ఉండగా తెలిసింది. పోయేసరికి అంతా అయిపోయింది. దినాలు గడిచాక ఒకసారి అత్త దగ్గరికి పోయాను. టీ ఇచ్చింది. రెండు గ్లాసులు తెచ్చింది, అలవాటుగా ఒకటి సగం పోసి ఉంది. దాన్ని చూసుకుని తనే తాగేసింది.

"నీ వాచీ బాగుచేపిచ్చుకోలేదా పాపా?" అంది.

"ఐపాయె అన్న్యాడు గదత్తా."

"ఆయప్ప అంటాడు, నువ్వు ఇంటావు." అత్త నవ్వలేదు. "చేతులు నాకు తెలీకుండా వణుకుతాయా? నిండా పోస్తే ఒలికిపోతాదని గదా నేను సగం పోసింది. ఒలికితే నేను చూస్తానని బయపడతాడని గదా తలుపు బయట పెట్టింది."

నేను గ్లాసు కింద పెట్టేశాను. "మల్ల మామకు చెప్పలేదే?"

"చెప్తే యాడికి పోతాడు? ఆ గదొక్కటే గదా ఉన్నింది ఆయప్పకు." లేచి లోపలికి పోయి బియ్యం డబ్బా వెనక నుంచి ఏదో తెచ్చి నా చేతిలో పెట్టింది. ప్లాస్టిక్ చిలక. మామ వీధిలోకి విసిరేసిన ఫ్రిజ్ బొమ్మ. ముక్కు విరిగిపోయింది. వెనక అయస్కాంతానికి నువ్వుగింజలో సగం కూడా లేని స్క్రూలు రెండు మూడు ఇంకా అంటుకుని ఉన్నాయి. "అప్పుడే ఏరి దాచిపెట్టుకున్న్యా. మద్యానం ఆయప్ప కునుకు తీస్తే దీన్ని నేలంతా తిప్పేదాన్ని. పడిపోయినవన్నీ దొరికేవి. మల్ల ఆ సీసా మూతలో ఏసేదాన్ని. ఎన్ని దొరికేవో పాపా. ఒక్కటి గూడా పోనియ్యలే నేను." ఆ మాట చెప్పేటప్పుడు అత్త మొహంలో ఏదో ఒక నిండుతనం ఉంది. ఆ చేతులకు తను చెయ్యగలిగింది చేశానన్న నిండుతనం.

నేను ఆ చిలకను చూస్తూ కూర్చున్నాను. ఆ అయస్కాంతానికి అంటుకున్న స్క్రూకు కూడా మ్యాగ్నెట్ ఎక్కుతుంది. మామ వాటినే ఏరుకుని వాచీల్లో బిగించి ఉంటాడు. స్వామి వాచీ పరిగెత్తింది ఎవరి వల్లో దేవుడికే తెలియాలి. మామకు ఆ చిలక సంగతి తెలియదు. తన స్క్రూడ్రైవర్ వల్లే అన్నీ చెడిపోతున్నాయని నమ్మి, ఆ తప్పును మోసుకునే పోయాడు. ఇప్పుడు అత్తకు చెప్పి నేను చేసేదేముంది?

"మంచి పని చేసినావత్తా" అన్నాను. చిలకను ఆమె చేతిలోనే పెట్టి వచ్చేశాను.

ఆ నెలలోనే నంద్యాలలో ఒక వాచీల కొట్టు ముందు ఆగి పొట్లం విప్పాను. కుర్రవాడు మూత తీసి, భూతద్దంతో చూసి తేలిగ్గా నవ్వాడు. "దీనికేం గాలేదక్కా. నూనె ఎండిపోయింది, అంతే. ఇచ్చిపోండి, సాయంత్రానికి నడుస్తాది."

మామ మాటే, ముక్క పోకుండా.  ఇచ్చి ఉంటే సాయంత్రానికి నాయన మళ్లీ టిక్కుటిక్కుమనేవాడు. కానీ అది నడిస్తే మామ ఆఖరి మాట అబద్ధమైపోతుంది. ఆ మాటను కాపాడటానికి ఆ ఇంట్లో ఇద్దరు మనుషులు ఎంత అవస్థపడ్డారో నేను చూశాను. "వద్దులేప్పా" అని వాచీ తీసుకుని వచ్చేశాను. ఆ కుర్రవాడు నన్ను పిచ్చిదాని కింద జమకట్టి ఉంటాడు.

వాచీ ఇప్పుడు మా ఇంట్లో గూట్లో ఉంది, నాయన ఫోటో ముందు.

మొన్న కుక్కర్ పిడి బిగించడం అయిపోయాక మా అమ్మాయి స్క్రూడ్రైవర్‌ను, అయస్కాంతాన్ని తీసుకుపోయి ఆ గూట్లోనే పెట్టబోయింది. నేను అరిచిన అరుపుకు పక్కింటివాళ్లు బయటికొచ్చారు.

పిల్ల బిత్తరపోయింది. "ఏమైందమ్మా? ఆ వాచీ ఎట్లాగూ నడవదు గదా?"

"నడవదు. చావలే" అన్నాను. ఆ రెండూ లాక్కుని, వాచీకి దూరంగా పెరట్లోకి పోయాను.